నాలుగో కాపీ

గీ కాయితం నాలుగు కాపీలు తీపిచ్చుకో, హిరుత్ బిడ్డా.
ఒకటి పోలీసు కమిషనర్ ఆఫీసుకు,
ఒకటి బ్యాంకుకు, ఒకటి హాస్టల్ వార్డెనుకు.
నాలుగోది ఎందుకంటవా?
మూడింట్ల ఒకటి ఎవరో ఒకరు పోగొడతరు.
దిగిన రెండు వారాల్లనే పేరెక్కియ్యాలె.
"నిదానంగ పోవచ్చు" అన్న సీనియర్ మాట వినకు,
నిరుడు ఫైను కట్టిన రసీదు
ఆ పిల్లగాడు నా దగ్గరనే జిరాక్స్ తీసుకున్నడు.

నా మాటలు ఈ సింధూజ ఇంగ్లీషుల చెప్తది.
కొన్ని మింగుతది, నాకెరుకే.

ఇరువై రెండేండ్ల సంది ఈ గేటు ముందట కూసున్న.
ఎన్ని థీసిస్‌లకు అట్టలేసిన్నో లెక్క లేదు,
ఒక్కటి సుత చదవలే, నాకు రాదు.
కానీ కాయితాల అంచు చూస్తె తెలుస్తది
ఎవరు ఏడాదంత రాసిన్రో
ఎవరు మూడు రాత్రుల్ల కక్కిన్రో.

సారును పెద్ద పేరు చూసి ఎంచుకోకు.
ఆయన కింద చేసినోల్లు
ఎన్నేండ్లకు బయటవడ్డరో అడుగు.
క్యాంటీన్ల కాదు, నా కాడ అడుగు,
బైండింగు తేదీలు నా లెక్కల బుక్కుల ఉన్నయి.

ఇంకో ముచ్చట.
సారు "చూద్దాం" అంటె కాదన్నట్టు.
"మంచిగనే ఉంది" అంటె మల్ల రాయమన్నట్టు.
"రేపు రా" అంటె ఎల్లుండి.
తల అటిటు ఊపితె అవునని.
ఏమనకుండ జేబుల పెన్ను తీసిండనుకో,
కుర్చీ గుంజుకొని కూసో.

మొదటి సెమిస్టర్ల బరువు కోర్సులు మూడు ఒక్కసారి ఎత్తుకోకు.
ఆల్గారిదమ్స్ గట్టిగ లేకపోతె
బీటెక్ పోరగాండ్ల క్లాసుల వెనుక బెంచీకి పో,
వాళ్లకు లేని సిగ్గు నీకెందుకు?
దోస్తు రాసిన కోడు దించకు.
పేర్లు మార్చినా, లైన్లు కిందిమీద చేసినా
పట్టే సాఫ్ట్‌వేరు ఉందట.
దొరికినోల్లు క్షమాపణ లెటర్ ప్రింటు నా దగ్గరనే తీస్తరు.
అందరిదీ ఒకటే లెటర్.
అది సుత కాపీయే.

ల్యాబుల పెద్ద మిషన్ పగటీలి దొరకది,
రాత్రి పదకొండు దాటినంక ఖాళీ అయితదట.
పోతె పో, కానీ
సెక్యూరిటీ రాజమణక్కకు చెప్పి పో.
ఆమె హాస్టల్ మలుపు దాక టార్చిలైటు పట్టుకొని వస్తది.

ఒక్క పెన్‌డ్రైవ్‌ను నమ్మకు.
సూడాన్ పిల్లగాడు ఇమాద్,
ఆఖరి రోజు, గీ కౌంటర్ మీద్నే,
డ్రైవ్ పెడితె ఖాళీ ఫోల్డరు తెరుచుకుంది.
నేను షట్టర్ సగం దించి చాయ్ తెప్పిచ్చిన.
చాయ్ మీద మీగడ కట్టింది.
ఆయన తాగలే, నేనేమనలే,
మిషన్ల ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుండె.
ఆర్నెల్లకు మల్ల రాసుకొచ్చిండు.
అట్ట మీది బంగారు అక్షరాలకు నేను పైసల్ తీసుకోలే.
మూడు జాగల్ల దాచుకో బిడ్డా.
గిది మింగకు సింధూజా, సరిగ్గ చెప్పు.

నిన్న జొన్నరొట్టె చూసి
"ఇది మా గింజే" అన్నవు గద,
మా ఆమె ఆ మాట నాతోని నాలుగు మార్లు చెప్పిచ్చుకుంది.
ఆదివారం ఫాతిమానగర్‌కు రా.
రొట్టె నువ్వు చేస్తవో ఆమె చేస్తదో
మీరు మీరు చూసుకోరి.
ఆ పూట లాప్‌టాప్ తేకు.

థీసిస్‌ల నాకు అర్థమయ్యే పేజీ ఒక్కటే,
పేర్ల పేజీ, థాంక్స్ చెప్పేది.
దేవుని పేరుంటది, సార్ల పేర్లుంటయి,
విడిపోయిన దోస్తు పేరు సుత చూసిన ఒకపారి.
రాజమణక్కది ఇంతవరకు రాలే.
నువ్వు రాయాల్నని అంటలే,
ఊకె యాదికొచ్చింది.

సరే, నాలుగు కాపీలకు ఎనిమిది రూపాయలు.
చిల్లర లేదా? రేపియ్యి.
రేపంటె రేపే.
నేను సారును కాదు.